డై ఎవరిదో అడగండి, వాటా సంగతి తర్వాత

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో ఒకాయన రాసిన ఆర్టికల్ చదివాను. మన దేశానికి సొంత చవక కారు కంపెనీ అంటూ ఒకటుండాలి, మారుతిని తీసుకెళ్ళి జపాన్ వాడి చేతిలో పెట్టి తప్పు చేసాం, మలేసియా వాళ్ళని చూడండి సగానికి పైగా వాటా తమ దగ్గరే ఉంచుకుని విదేశీ పార్ట్‌నర్‌ని తెచ్చుకున్నారు, పౌరుషం అంటే అదీ, అని. కాఫీ తాగతా చదివి పక్కన పడేద్దామనుకున్నా గానీ సోమవారం షాపులో పని చేస్తా ఉన్నా అదే బుర్రలో తిరగతా ఉంది. రాత్రి అన్నం తింటా మళ్ళీ అదే ఎత్తితే మా ఆవిడ "ఆ పేపరోళ్ళకే రాయండి, నా ప్రాణం తియ్యకండి" అనింది. అందుకని రాస్తున్నా. పెద్దదయింది, కత్తిరించుకోండి మీ ఇష్టం.

నేను రాసేవాణ్ణి కాదు. 1985లో గూడూరు నుంచి ఐటీఐ ఫిట్టర్ సర్టిఫికెట్ పట్టుకుని మద్రాసొచ్చి అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక టూల్‌రూమ్‌లో హెల్పర్‌గా చేరా, అప్పట్నుంచి ప్రెస్ టూల్స్ మధ్యే బతుకు. టూల్‌రూమ్ అంటే తెలీనివాళ్ళకి ఒక్క మాట. కారు డోరైనా, సీటు కింద చిన్న బ్రాకెట్టైనా, ఇనప రేకుని ప్రెస్సు కింద పెట్టి ఒత్తితేనే ఆ రూపం వస్తుంది. ఆ ఒత్తే అచ్చు పేరు డై. అచ్చు బాగుంటే అప్పచ్చి బాగుంటుంది, అంతే. ఆ అచ్చులు చేసేవాళ్ళం మేము.

ఇప్పుడు ఆయన చెప్పిన మలేసియా సంగతి. నేర్చుకోవాల్సిందే, కాదనను, కానీ నేర్చుకోవాల్సింది ఆయన చెప్పింది కాదు.

ప్రోటాన్ అనే కంపెనీని మలేసియా ప్రభుత్వం 1983 మే నెలలో పెట్టింది, అంటే మన మారుతి తొలి కారు రోడ్డెక్కిన సంవత్సరమే. మహాథీర్ మహమ్మద్ గారు అప్పుడు ప్రధాని, ఆయన పట్టుదల మీద వచ్చిన కంపెనీ అది. హైకామ్ అనే సర్కారు సంస్థకి 70 శాతం, మిత్సుబిషి వాళ్ళ రెండు కంపెనీలకీ కలిపి 30. 1985 జులైలో సాగా అనే కారు వదిలారు. ఆ కారు కొత్తగా పుట్టించింది కాదు, మిత్సుబిషి లాన్సర్ ఫియోరేనే మార్చి పేరు పెట్టుకున్నారు. అందులో తప్పేం లేదండి, మన మారుతి 800 కూడా సుజుకి ఆల్టో నుంచి వచ్చిందే, ఎవడైనా మొదట కాపీ కొట్టే నేర్చుకుంటాడు, నేనూ మా మేస్త్రి చేతులు చూసే ఫైలు, అంటే ఆకురాయి, పట్టడం నేర్చుకున్నా. పేద్ద పండగలాగా మహాథీర్ గారే సాగా నడుపుకుంటా పెనాంగ్ బ్రిడ్జి దాటారు. బయటి కార్ల మీద పన్నులు గట్టిగా వేసారు కాబట్టి సాగా చవగ్గా కనపడింది, జనం కొన్నారు, ఒకప్పుడు అక్కడ మార్కెట్లో సగానికి పైగా వాళ్ళదే.

మరి చిక్కెక్కడొచ్చింది అంటే, లెక్కలో. ఇది మాత్రం కొంచెం నిదానంగా చెప్తా, ఎందుకంటే చవక కారు మీద ఆర్టికల్స్ రాసేవాళ్ళలో ఎక్కువమంది ఈ లెక్క దగ్గరికే రారు.

ఒక కారు బాడీకి కావాల్సిన డైల సెట్టుకి ఊరికే లెక్క కోసం 10 కోట్లు అనుకుందాం. డోరు పై రేకు ఒక్కటే తీసుకోండి, ఒక్క దెబ్బకి రాదు, ముందు లోతుగా ఒత్తాలి, తర్వాత అంచులు కొయ్యాలి, తర్వాత మడత పెట్టాలి, చిల్లులు పొడవాలి, ఒక్కో పనికీ ఒక్కో డై, ఒక్కోటి టన్నుల బరువు. ఆ 10 కోట్ల డైల మీద 50 వేల కార్లు చేస్తే కారుకి 2 వేలు పడతాయి. అవే డైల మీద 5 లక్షల కార్లు చేస్తే కారుకి 200. ఇంజన్ అచ్చులకీ, ప్లాస్టిక్ మోల్డులకీ, అన్నిటికీ ఇదే కథ. కారు చవగ్గా రావడమనేది ఎవరి దయా కాదు, ఎవరి దేశభక్తీ కాదు, ఒకే డై మీద ఎన్ని దెబ్బలు పడ్డాయి అన్నదే. మన 800 మీద పాతిక లక్షల పైన కార్లు వచ్చాయి, 2014లో గానీ ఆపలేదు. మలేసియా అప్పట్లో కోటిన్నర జనం ఉన్న దేశం. కొనేవాళ్ళెంతమంది? పైగా వాళ్ళు సాగా తర్వాత మోడల్ మీద మోడల్ దింపతా పోయారు. కొన్ని బయట దేశాలకి పంపారు, 1989లోనే ఇంగ్లండ్‌లో అమ్మారు, 1996లో ఆ దేశపు స్పోర్ట్స్ కార్ల కంపెనీ లోటస్‌నే కొన్నారు. గొప్పే. కానీ సొంత ఇంజన్ కాంప్రో అని పెట్టుకోడానికి 2004 దాకా పట్టింది. అదే 2004లో మిత్సుబిషి మోటార్స్ తన వాటా అమ్మేసి వెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళు పక్కన కూర్చుని నేర్చుకోవాల్సింది, ఆయన లేచి వెళ్ళాక మొదలైందన్నమాట.

తర్వాత పార్ట్‌నర్ కోసం తిరగడం చూడండి. జర్మనీ ఫోక్స్‌వాగన్‌తో మాటలు మొదలయ్యాయి, ఆగాయి, మళ్ళీ మొదలయ్యాయి, చివరికి 2007లో ఏమీ లేదని తేల్చేసారు. పెళ్ళి సంబంధం అయినా అన్నిసార్లు తిరిగితే ఊళ్ళో నవ్వుతారు. 2012లో డీఆర్‌బీ-హైకామ్ అనే ప్రైవేట్ కంపెనీ కింద పెట్టారు. 2016లో సర్కారు 150 కోట్ల రింగిట్ల అప్పు ఇవ్వాల్సొచ్చింది. 2017లో చైనా జీలీకి 49.9 శాతం ఇచ్చారు, లోటస్‌లో 51 శాతం కూడా అదే జీలీకి పోయింది.

మీ ఆర్టికల్ రాసినాయన మురిసిపోయింది ఈ 49.9 చూసే. 50.1 మనదే అంటే పెత్తనం మనదే అని ఆయన అనుకున్నాడు. 2018 డిసెంబర్లో వచ్చిన ప్రోటాన్ ఎక్స్70 ఏంటో తెలుసా, జీలీ బోయూ కారు. మొదట్లో చైనాలోనే పూర్తిగా తయారై ఓడల్లో దిగింది, ఆ తర్వాత గానీ మలేసియాలో తంజుంగ్ మలిమ్ ప్లాంట్లో చెయ్యలేదు. కంపెనీకి సీఈఓగా కూడా 2017లో జీలీ మనిషే వచ్చాడు. ముందున్న పులి బొమ్మ మాత్రం వాళ్ళది. ఇంటిపేరు కస్తూరివారు అన్నట్టు.

జీలీని తేవడం తప్పని నేననట్లేదు, ఆ తర్వాతే ప్రోటాన్ మళ్ళీ కోలుకుంది, అది ఒప్పుకోవాలి. నా మాటల్లా ఒకటే, వాటా శాతం చూసి పౌరుషం కొలవొద్దు.

ఆయన అసలు చెప్పకుండా వదిలేసిన కంపెనీ ఇంకోటుంది, పెరోడువా. అదీ మలేసియాదే, 1993లో పెట్టారు, రెండో జాతీయ కారు కంపెనీ అంటారు. వాళ్ళు జపాన్ డైహాట్సుని పట్టుకున్నారు, కంచిల్ అని చిన్న కారుతో మొదలుపెట్టి చిన్న కార్లనే నమ్ముకున్నారు. 2001లో తయారీ కంపెనీలో 51 శాతం డైహాట్సు వైపుకి ఇచ్చేసారు. పౌరుషం లెక్కన చూస్తే అది లొంగిపోవడమే కదా? మరి ఏళ్ళ తరబడి మలేసియాలో ఎక్కువ అమ్ముడుపోయే బ్రాండ్ పెరోడువానే, ప్రోటాన్ కాదు. మైవీ అని వాళ్ళ కారు 2005లో వచ్చింది, ఆ ఊళ్ళల్లో మన స్విఫ్ట్ లాగా వీధికి నాలుగు ఉంటాయి. ఆర్టికల్లో ఒక్క ముక్క లేదు దీని గురించి.

ఇక మన మారుతి. సంజయ్ గాంధీ మారుతి లిమిటెడ్ 1971 నాటిది, అది మూతబడింది, ఆయన పోయాక 1981లో మారుతి ఉద్యోగ్ అని సర్కారు కంపెనీ పుట్టింది. దాన్ని నడపడానికి వచ్చింది వి. కృష్ణమూర్తి గారు, మన మద్రాసు వైపు మనిషే, అంతకుముందు భెల్ అనే సర్కారు కరెంటు యంత్రాల కంపెనీ నడిపినాయన, 2022లో ఈ ఊళ్ళోనే పోయారు. ఆయనా, మారుతిలో ఆయన తోటి అధికారి ఆర్.సి. భార్గవ గారూ పార్ట్‌నర్ కోసం ప్రపంచమంతా తిరిగారు, పెద్ద కంపెనీలకి మన దేశం ఆనలేదు. అప్పటికి సుజుకి చిన్న కంపెనీ. 1982 అక్టోబర్లో సంతకాలు, సుజుకికి 26 శాతం వాటా, 1983 డిసెంబర్ 14న తొలి కారు తాళం ఇందిరా గాంధీ గారు ఇచ్చారు.

తొలి కార్లు దాదాపు జపాన్ కిట్లే, ఇక్కడ బిగించడమే. అప్పుడే కొందరు స్క్రూడ్రైవర్ కంపెనీ అని వెక్కిరించారు. కానీ ఏళ్ళ ప్రకారం ఇంతింత శాతం దేశంలోనే తయారవ్వాలి అని షరతు ఉండింది, అది కాగితం మీదే ఉండిపోలేదు. ఎందుకు ఉండిపోలేదు అంటే సర్కారు గట్టిగా ఉండటం సగం, 1985 తర్వాత యెన్ రేటు పెరిగిపోవడం ఇంకో సగం. కిట్లు జపాన్ నుంచి తెప్పిస్తే గిట్టుబాటు కాని పరిస్థితి వచ్చింది, సుజుకికి కూడా ఇక్కడ చేయించుకోవడమే లాభం అయింది. అప్పుడు మారుతి చేసిన పని చాలామంది మర్చిపోతారు. సీట్లు చేసేవాడిలో, రేకు ఒత్తేవాడిలో, అద్దాలు చేసేవాడిలో, ప్లాస్టిక్ పోసేవాడిలో తానే కొంచెం కొంచెం వాటా తీసుకుంది. భారత్ సీట్స్, జై భారత్ మారుతి, అసాహి ఇండియా గ్లాస్, మచినో ప్లాస్టిక్స్, ఇవన్నీ అలా వచ్చినవే. వాళ్ళకి జపాన్ నుంచి మనుషుల్ని రప్పించి పని చూపించారు. అంటే డై ఈ దేశంలో మిగిలింది.

వాటా విషయంలో గొడవలు జరగలేదా, జరిగాయి. 1997లో సర్కారు ఆర్.ఎస్.ఎస్.ఎల్.ఎన్. భాస్కరుడు గారిని ఎండీగా వేస్తే, పేరు చూస్తేనే మనవాడని తెలుస్తా ఉంది కదా, సుజుకి ఒప్పుకోలేదు, కోర్టూ అంతర్జాతీయ ఆర్బిట్రేషనూ దాకా పోయింది, 1998లో రాజీ పడ్డారు. అప్పటికి ఇద్దరికీ సగం సగం వాటా. సగం ఉన్నా కుర్చీలో ఎవరు కూర్చోవాలో తేల్చడానికి అంత గొడవయింది. 2002లో పెత్తనం వదులుకున్నందుకు సర్కారు 1,000 కోట్లు తీసుకుంది, 2007లో మొత్తం బయటికొచ్చేసింది. అమ్మేసాం అని ఆర్టికల్లో ఏడ్చింది దీని గురించే. అయ్యా, కాగితాలు అమ్మాం, నిజమే. గుర్గావ్, మానేసర్ చుట్టుపక్కల ఆ ప్రెస్ షాపులూ టూల్‌రూములూ ఎవరు పట్టుకుపోయారు?

మా షాపులో జరిగింది ఒకటి చెప్తా. 1991లో అనుకుంటా, మా ఓనర్ ఢిల్లీ వైపు ఒక కార్ల సీట్ల కంపెనీకి డైలు చేసిచ్చే ఆర్డర్ తెచ్చాడు. దాన్ని చూడ్డానికి ఒక జపాన్ ఇంజనీర్ వచ్చాడు, సన్నగా, పొట్టిచేతుల తెల్ల చొక్కా, వచ్చిన రోజు మధ్యాహ్నం ఎండకి మొహం టమోటా అయిపోయింది. మేము షాపంతా కడిగి, మెషీన్లకి కొత్త పెయింట్ వేసి, గణపతి ఫోటోకి దండేసి పెట్టాం. ఆయన మెషీన్ల వైపు చూడనే లేదు. సరాసరి ప్రెస్సు దగ్గరికి పోయి, కింద తుక్కు బుట్ట ఉంటుంది కదా, దాని ముందు గొంతుకూర్చున్నాడు. చిల్లులు పొడిచినప్పుడు రాలే ఇనప బిళ్ళలు గుప్పెడు తీసి తెల్ల కాగితం మీద వరసగా పేర్చాడు. మాకు సగం భయం సగం నవ్వు. ఒక్కో బిళ్ళనీ బొటనవేలి గోరుతో అంచు చుట్టూ గీకతా చూస్తా ఉన్నాడు. పావుగంట.

తర్వాత నన్ను పిలిచాడు. డ్రైవింగ్ తెలీని మనిషికి బండి చూపించినట్టు ఓపిగ్గా చూపించాడు. బిళ్ళ పక్కనుంచి చూస్తే మందంలో కొంత భాగం అద్దంలా మెరుస్తుంది, మిగతాది గరుకుగా విరిగినట్టుంటుంది. మెరుపు మూడో వంతు చుట్టూ సమానంగా ఉంటే, పైనుంచి దిగి చిల్లు పొడిచే పంచ్‌కీ డైకీ మధ్య సందు సరిగ్గా ఉన్నట్టు. ఒకవైపు ఎక్కువ ఒకవైపు తక్కువ మెరిస్తే పంచ్ పక్కకి జరిగినట్టు. అంచున ముల్లులా బర్ లేస్తే సందు ఎక్కువైందనో అంచు మొద్దుబారిందనో. ఆయనకి తెలుగు రాదు, నాకు జపాన్ భాష రాదు, మధ్యలో దుబాసీ టీ తాగడానికి పోయాడు. అయినా నాకు అర్థమైంది. అంతకుముందు ఆరేళ్ళు నేను ఆ బిళ్ళల్ని పారతో ఎత్తి కిలోల లెక్కన తుక్కు వాడికి అమ్మినోణ్ణి, వాటిలో నా పని మార్కులు ఉన్నాయని అప్పటిదాకా ఎవడూ చెప్పలేదు. ఈ రోజుకీ కొత్త పిల్లలు చేరితే ముందు తుక్కు బుట్ట దగ్గరే కూర్చోబెడతా.

అదండీ పార్ట్‌నర్ అంటే. ఆయన కంపెనీకి ఎంత వాటా ఉందో నాకు ఇప్పటికీ అనవసరం.

రెండో రకం పార్ట్‌నర్‌ని కూడా చూసాను. పేరు చెప్పను, ఇంకా నా మనుషులు కొందరు ఆ చుట్టుపక్కలే పని చేస్తున్నారు. ఒక పరాయి దేశం కంపెనీకి మేము 11 రకాల రేకు భాగాలు ఒత్తి ఇచ్చేవాళ్ళం. డైలు వాళ్ళ దేశం నుంచే తయారై చెక్క పెట్టెల్లో వచ్చేవి. డ్రాయింగు ఇవ్వరు. ఒక డై అంచు చిట్లితే, మా దగ్గర ముప్పై ఏళ్ళు దానితోనే బతికిన మనుషులున్నారు, వెల్డింగ్ పోసి గ్రైండ్ చేసి ఒక రాత్రిలో దారికి తెచ్చేస్తాం, ముట్టుకోవద్దు అని అగ్రిమెంట్. వాళ్ళ మనిషి విమానం ఎక్కి వచ్చేదాకా తొమ్మిది రోజులు ప్రెస్సు ఖాళీ. ఆయనొచ్చి చేసింది మేము చేద్దామనుకున్నదే. ఆ ఆర్డర్ని నమ్ముకుని మా ఓనర్ బ్యాంకు లోను మీద మూడు ప్రెస్సులు కొన్నాడు.

తర్వాత వాళ్ళు ఆ మోడల్ ఆపేసారు. ఒక శుక్రవారం రెండు ట్రైలర్లు వచ్చాయి, క్రేన్ పెట్టి డైలన్నీ ఎత్తుకుని పోయారు. సాయంత్రానికి ప్రెస్సుల మీద బోల్టు చిల్లులూ, గ్రీసు మరకా మిగిలాయి. పద్నాలుగు మందిని తీసేయాల్సొచ్చింది, అందులో ఇద్దరు మా నాయుడుపేట వైపు పిల్లలు, నేనే తీసుకొచ్చి పెట్టినవాళ్ళు. ఆ భాగాలు ఆరేళ్ళు చేసాం, ఆ డై లోపల కోణం ఎంతో మాకెవరికీ తెలీదు. అద్దె ఇంట్లో ఆరేళ్ళు కాపురం చేసి గోడకి మేకు కూడా కొట్టకుండా వచ్చేసినట్టు.

ఈ ఊరికి ఇలాంటి పాఠాలు కొత్తేం కాదు. స్టాండర్డ్ మోటార్స్ గుర్తుందా మీకు? పెరుంగళత్తూరు, వండలూరు వైపు పోతే పాతవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఇక్కడే తయారయ్యేది, 1961 నుంచి, మద్రాసు డాక్టర్లూ లాయర్లూ ఎక్కువమంది అందులోనే తిరిగేవాళ్ళు. 1985లో, అంటే నేను మద్రాసొచ్చిన ఏడాదే, బ్రిటన్ రోవర్ కారు బాడీ తెచ్చుకుని స్టాండర్డ్ 2000 అని వదిలారు. చూడ్డానికి పులిలాగుండేది. కానీ లోపల పెట్టిన ఇంజన్ ఎప్పటిదో, 1950ల నాటి వాన్‌గార్డ్ ఇంజన్. పెట్రోలు తాగేది, అమ్ముడుపోలేదు, 1988కల్లా ఫ్యాక్టరీ మూత. పార్ట్‌నర్ దగ్గర పాతబడిన వస్తువుని తెచ్చుకుని పైన పాలిష్ పెట్టుకుంటే అంతే. అదే ఏళ్ళల్లో గుర్గావ్‌లో 796 సీసీ చిన్న ఇంజన్ కారు కొనడానికి జనం బుక్ చేసుకుని ఏళ్ళు ఎదురు చూసారు.

అదే ఊళ్ళో పాడి వైపు చూడండి, 1960ల్లో విదేశీ కంపెనీలతో కలిసి పెట్టినవే, లూకాస్-టీవీఎస్ గానీ సుందరం క్లేటన్ గానీ. సుందరం క్లేటన్ బ్రేకుల డివిజన్‌కి 1998లో క్వాలిటీకి ఇచ్చే జపాన్ డెమింగ్ ప్రైజ్ వచ్చింది, పేపర్లో ఫోటో చూసి మా షాపులో స్వీట్లు పంచాడు ఓనర్, మాకేం సంబంధం లేకపోయినా. పక్క వీధిలో పెళ్ళైతే మనకి బూరెలు వచ్చినట్టు. హ్యుందాయ్ కూడా 1996లో ఇరుంగాట్టుకోట్టైకి వచ్చి 1998లో శాంత్రో వదిలింది, తనతో కొరియా సప్లయర్లని వెంటేసుకుని వచ్చింది గానీ, మెల్లిమెల్లిగా ఇక్కడివాళ్ళకీ పని దొరికింది. మన పెనుకొండ దగ్గర కియా కూడా అదే దారి. దాన్ని మంచీ చెడూ అని ఒక్క ముక్కలో చెప్పలేను, షాపు షాపుకీ వేరే కథ.

మధ్యలో ఒకటి రాయాలి, మీరు నవ్వుకుంటారు. 2001లో నేనూ సెకండ్ హ్యాండ్ మారుతి 800 ఒకటి కొన్నా, 1995 మోడలు, తెల్లది. కొరట్టూరు నుంచి గూడూరు దాకా తడ, సూళ్ళూరుపేట మీదుగా ఐదుగురం, వెనక డిక్కీలో బియ్యం మూట, ఒళ్ళో పూతరేకుల డబ్బా. మా వాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. "నాన్న చేసిన డై మీద వచ్చిన ముక్క ఈ కారులో ఉంది రా, చూపిస్తా" అని వాడి ముందు గొప్పగా చెప్పి, సీటు పీకి, టార్చిలైటు పెట్టి కిందకి దూరా. బ్రాకెట్ ఉంది. కానీ అది మాది కాదు. అంచు చేత్తో గీరితే ముల్లు, వెల్డింగ్ పొక్కులు పొక్కులు, పాత ఓనరు పుదుపేటలో డూప్లికేట్ కొని వేయించుకున్నాడు. మా వాడు "ఏది నాన్నా నీది" అంటే "ఇదేరా" అన్నా. ఏం చెప్పమంటారు. ఇప్పుడు వాడు ఐటీలో ఉన్నాడు, ఈ ఉత్తరం పేపర్లో పడితే గానీ నిజం తెలీదు వాడికి.

సరే, ఇప్పటి సంగతి. ఎలక్ట్రిక్ కార్లు వచ్చాయి కాబట్టి మళ్ళీ అందరూ పార్ట్‌నర్ల వేటలో ఉన్నారు, మళ్ళీ అందరూ శాతాలే మాట్లాడతా ఉన్నారు. చైనా వాళ్ళ చేతిలో ఉన్న ఎంజీ కార్ల ఇండియా కంపెనీలో మన జేఎస్‌డబ్ల్యూ గ్రూపు 35 శాతం తీసుకుంది. చైనా లాంటి సరిహద్దు దేశాల పెట్టుబడికి సర్కారు పర్మిషన్ కావాలని 2020లో రూలు పెట్టారు. మన హైదరాబాద్ మేఘా ఇంజనీరింగ్ వాళ్ళు చైనా ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ బీవైడీతో కలిసి 100 కోట్ల డాలర్ల ప్లాంటు పెడతామంటే 2023లో కేంద్రం కాదందని వార్తలొచ్చాయి. వియత్నాం కార్ల కంపెనీ విన్‌ఫాస్ట్ 2025 ఆగస్టులో తూత్తుకుడిలో ప్లాంటు తెరిచింది. ఆ విన్‌ఫాస్ట్ కూడా 2017లో పుట్టిన కంపెనీ, తొలి పెట్రోలు కార్లకి బీఎండబ్ల్యూ ప్లాట్‌ఫామ్, అంటే కారు కింది చట్రం డిజైను, కొనుక్కునే మొదలుపెట్టింది. అందరూ అలాగే మొదలవుతారు, మళ్ళీ చెప్తున్నా. ఎక్కడ మొదలుపెట్టాడో అడగొద్దు, పదేళ్ళకి వాడి టూల్‌రూమ్‌లో ఏముందో అడగండి.

ఎలక్ట్రిక్ బండికి బ్యాటరీ సెల్లే ఈనాటి డై. బండి ఖరీదులో అన్నిటికన్నా పెద్ద ముక్క బ్యాటరీదే. సెల్లు డబ్బాల్లో దిగి, ఇక్కడ ప్యాక్‌లో పేర్చి, పైన మన జెండా స్టిక్కర్ వేస్తే 74 శాతం వాటా మనదైనా నా లెక్కలో అది ఆ చెక్క పెట్టెల కథే. పార్ట్‌నర్ చైనావాడైనా, కొరియావాడైనా, జపాన్‌వాడైనా అగ్రిమెంట్లో నాలుగు విషయాలు ఉన్నాయో లేదో మీ విలేకరి ఒక్కసారి అడిగితే చాలు. డై ఇక్కడే చేస్తారా. డ్రాయింగ్ ఇక్కడి సప్లయర్‌కి ఇస్తారా. విరిగితే మన మనిషి ముట్టుకోవచ్చా. మోడల్ ఆపేస్తే డై ఎవరి దగ్గర ఉంటుంది. మంత్రుల పక్కన నుంచుని చేతులు కలిపిన ఫోటో వేస్తారు కదా ప్రతిసారీ, ఆ ఫోటో కింద ఈ నాలుగింటికీ జవాబు ఒక్కో లైను వేయండి, చోటు కూడా ఎక్కువ పట్టదు.

ఇంకో చిన్న మనవి. హైదరాబాద్ బాలానగర్‌లో సీఐటీడీ ఉంది, టూల్ డిజైన్ నేర్పే సర్కారు సంస్థ, 1968 నాటిది. అక్కడ చదివి వచ్చిన తెలుగు పిల్లల్ని మా ఎస్టేట్‌లో ఎగరేసుకుపోతారు, అంత గిరాకీ. మీ పేపర్లో ప్రతి మే నెలలో ఇంజనీరింగ్ కాలేజీల యాడ్లు పేజీలకి పేజీలు వస్తాయి, టూల్‌రూమ్ చదువు గురించి ఒక్క వ్యాసం చూసిన గుర్తు లేదు నాకు. సొంత కారు కంపెనీ కావాలని రాసినాయనకి వీలైతే ఒకసారి అంబత్తూరు రమ్మనండి. డన్‌లప్ దగ్గర దిగి ఫోన్ చేస్తే నేనే వచ్చి తీసుకెళ్తా, తుక్కు బుట్ట దగ్గర కూర్చుని మాట్లాడుకుందాం, టీ మా ఖర్చు.

నా పేరు వేయకండి, ఇంకో రెండేళ్ళు సర్వీసు ఉంది.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, ఒక ఫిట్టర్,
కొరట్టూరు, చెన్నై